తొమ్మిదో చిప్

వదిన ఏడుస్తోందంటే డిటెక్టివ్‌కి కాలూ చెయ్యీ ఆడవు. తొమ్మిదేళ్ల వయసులో తల్లి పోయి, బిక్కమొహం వేసుకుని తిరుగుతున్న రోజుల్లో ఆ ఇంటికి కోడలిగా వచ్చి, తల దువ్వి, ఎక్కాలు వల్లె వేయించి, అతన్ని మనిషిని చేసింది ఆవిడే. ఈ నలభై ఏళ్లలో ఆవిడ ఏడవగా అతను విన్నది ఒక్కసారే, అన్నయ్య పోయిన రోజున. మళ్లీ ఈ బుధవారం ఉదయం పదీ నలభైకి, ఫోన్లో విన్నాడు.

"మా మెకానిక్‌ని పట్టుకుపోయారు అబ్బాయ్. మీ బావమరిదే వచ్చి జీపెక్కించాడు. కంప్యూటర్ తగలబెట్టాడట! పదిహేనేళ్లు నా పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడు. స్క్రూ ఊడదీసే ముందు చేతులు కడుక్కునే రకం వాడు."

"ఎక్కడ జరిగింది వదినా?"

"మాటల డాక్టరమ్మ క్లినిక్‌లో. నిన్న మధ్యాహ్నం వెళ్లి మెమరీ వేసొచ్చాడు. అదే వాడు చేసిన పాపం."

"సరే, నువ్వు కంప్యూటర్ షాపు మూసేసి అక్కడికి రా. భూతద్దం తెచ్చుకో. ముందు కళ్లు తుడుచుకో."

"తుడుచుకున్నాలే. నాకు చెప్పొచ్చాడు," అని వదిన ముక్కు చీది ఫోన్ పెట్టేసింది. ఆ మాట విన్నాక గాని డిటెక్టివ్ చెప్పులు వేసుకోలేకపోయాడు.

పదకొండూ పదికల్లా ఆ భవనం రెండో అంతస్తుకి చేరాడు. వరండాలో మొదటి తలుపు క్లినిక్‌ది, దాని పక్కది రికార్డింగ్ గదిది. రెండు గదులూ డాక్టరమ్మవే. రెండోది రికార్డిస్టుకి అద్దెకిచ్చింది. క్లినిక్‌లో కాలిన వాసన ఇంకా పోలేదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. ముందున్న రిజిస్టరుని అస్తమానం సర్దుతూ, సర్దిందాన్నే మళ్లీ సర్దుతూ మాట్లాడింది.

"గొంతు తీసేసే ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు ముందుగా నా దగ్గరికి వస్తారండీ. నలభై రోజులు, రోజుకో గంట, మైకు ముందు కూర్చుని వాక్యాలు చదువుతారు. వాటితో కంప్యూటర్‌కి వాళ్ల గొంతు నేర్పుతాం. తర్వాత వాళ్లు ఏది టైపు చేసినా అది వాళ్ల గొంతుతోనే పలుకుతుంది. చదివిన వాక్యాలే కాదు, ఏ మాటైనా సరే."

"ఆ డిస్కులో ఎంతమంది గొంతులున్నాయి?"

"ఒక్కరిదే. మిగతావాళ్లవి అప్పగించేశాం. టీచరమ్మగారిది సోమవారం ఇవ్వాలి." ఆవిడ రిజిస్టరు మూసి మళ్లీ తెరిచింది. "ఆపరేషన్ అయి పదకొండు రోజులైంది. ఇక మళ్లీ రికార్డు చేద్దామన్నా..."

"ఇంకో కాపీ పెట్టుకోలేదా?"

"పెట్టాం. రికార్డిస్టు దగ్గర ఉండాలి. అది కూడా పోయిన వారమే చెడిపోయిందని ఈ ఉదయం చెప్పాడు."

డిటెక్టివ్ జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. కనపడ్డ ప్రతిదీ రాసుకోవడం అతని అలవాటు. అర్థమయ్యిందీ రాస్తాడు, అర్థం కానిదీ రాస్తాడు. ఆ పుస్తకం చూసి పోలీసు డిపార్ట్‌మెంటులో నవ్వుకునేవారు. అక్కడినుంచి బయటికొచ్చి పదేళ్లయినా అలవాటు పోలేదు.

"నిన్నటి టైములు చెప్పండి."

"మెకానిక్ మూడున్నరకి వచ్చాడు. నాలుగూ ఐదుకి వెళ్లాడు. తర్వాత ఐదున్నరదాకా నేనే దాని మీద పనిచేశాను. అంతకుముందు నత్తలా ఉండేది, నిన్న చెప్పిన మాట టక్కున విన్నది. తాళం వేసి వెళ్లిపోయాను. ఈ ఉదయం తొమ్మిదికి తలుపు తీస్తే గదంతా పొగ వాసన."

"వెళ్లేటప్పుడు కంప్యూటర్ ఆపారా?"

"రోజూ ఆపుతాను. నిన్న కూడా ఆపే ఉంటాను. మీ ఇన్‌స్పెక్టర్ పదిసార్లు అడిగేసరికి నాకే అనుమానం వచ్చేసిందండీ," అంది.

లోపలి గదిలో బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆవిడ మెడచుట్టూ పలచటి తెల్లటి గుడ్డ, ఒళ్లో రాసి చెరిపే చిన్న పలక. ఆవిడే టీచరమ్మ. పక్కన చేతిసంచీతో ఆవిడ భర్త, రిటైరైన పోస్ట్‌మాస్టరు. ఇన్‌స్పెక్టర్ ఇచ్చి వెళ్లిన ఫిర్యాదు నకలులో ఆవిడ పెన్సిలుతో రెండు అక్షరదోషాలు దిద్దేసి ఉంది. డిటెక్టివ్‌కి ఆవిడ వెంటనే నచ్చేసింది.

"ముప్పై ఎనిమిదేళ్లు నన్ను తిట్టిన గొంతండీ అది," అన్నాడు పోస్ట్‌మాస్టరు. "పదకొండు రోజులుగా ఇంట్లో నన్ను అడిగేవాళ్లే లేరు. తడి తువ్వాలు మంచం మీద పడేసినా పలక మీద రాసి చూపించేలోపు నా కోపం కూడా చల్లారిపోతోంది. సోమవారం ఎప్పుడొస్తుందా అని వేళ్లు మడుచుకుంటూ కూర్చున్నాను."

టీచరమ్మ పలక మీద రాసి ఇటు తిప్పింది: 'కోపం నాది. ఆయనది కాదు.'

డిటెక్టివ్ నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు. "మీరంటే పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా అమ్మా?"

జవాబు భర్తే చెప్పాడు. "పడనివాళ్లంటే... ఎల్లుండి ఒక విచారణ ఉంది. వాళ్ల స్కూల్లో కొత్తగా కట్టిన గది పైకప్పు కూలింది. సెలవు రోజు కాబట్టి సరిపోయింది. పగుళ్లున్నాయి మొర్రో అని అంతకుముందే కాంట్రాక్టరుకి మూడు ఉత్తరాలు రాసింది ఈవిడే. ఎల్లుండి ఆ ఉత్తరాల నకళ్లతో వాంగ్మూలం ఇవ్వాలి. అయినా అది కాగితం మీద రాసిచ్చేదే కదండీ, దానికి గొంతుతో పనేముంది?"

నిజమే. సాక్షి నోరు మూయించాలంటే కాగితం లాక్కోవాలి. మాట్లాడలేని మనిషి గొంతు మాయమైతే ఎవరికేం ఒరుగుతుంది? డిటెక్టివ్ ఆ ప్రశ్నని పుస్తకంలో రాసి, కింద రెండు గీతలు గీసి, పక్క గది తలుపు తట్టాడు.

రికార్డిస్టుని ఆ అంతస్తులో అందరూ హెడ్‌ఫోన్స్ అనే పిలుస్తారు. మెడలో అవి లేకుండా ఎవరూ చూడలేదట. ముప్పై అయిదేళ్లుంటాయి. కూర్చోమని చెప్పలేదు.

"నిన్న ఎన్నింటికి వెళ్లారు?"

"ఐదింటికి."

"ఐదున్నరకి డాక్టరమ్మ తాళం వేసేటప్పుడు మీ గదిలో లైటు వెలుగుతోందట."

"అయితే ఐదున్నరే అయ్యుంటుంది. నేను గడియారం చూసుకుంటూ బతకను."

"రికార్డింగ్ చేసేవాళ్లు సెకన్లు కూడా లెక్కపెడతారనుకున్నాను. క్లినిక్ రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. మైకులు అటూ ఇటూ మార్చాలి కదా."

"కాపీ చెడిపోయింది పోయిన వారం. చెప్పింది ఈ ఉదయం. మధ్యలో ఏం చేశారు?"

"బాగుచేద్దామని చూశా."

"కంప్యూటర్లు బాగుచేయడం వచ్చా మీకు?"

"రాదు. మైకు తప్ప నాకింకేం తెలియదు. స్విచ్ వేస్తా, పనయ్యాక ఆపేస్తా. లోపల ఏముంటుందో దేవుడికే తెలియాలి."

"చెడిపోయిన కాపీ ఒకసారి చూపిస్తారా?"

హెడ్‌ఫోన్స్ విసుగ్గా బల్ల కిందున్న పెద్ద నల్ల డబ్బా స్విచ్ నొక్కాడు. తెర వెలిగి, నల్లటి తెర మీద తెల్లటి వాక్యం ఒకటి వచ్చి ఆగిపోయింది. అతను గబుక్కున ఏదో మీట నొక్కాడు. తెర ముందుకు కదిలింది.

"ఏంటది?"

"మామూలే. రోజూ వస్తుంది."

డిటెక్టివ్‌కి కంప్యూటర్ల సంగతి ఓనమాలు కూడా రావు. కానీ కళ్లున్నాయి. మెమరీ మారింది అని, పక్కన 48 అని చదివాడు. నోటుపుస్తకంలో రాసుకున్నాడు. చెడిపోయిన కాపీ నిజంగానే తెరుచుకోలేదు.

పన్నెండూ ఐదుకి వదిన వచ్చింది. కళ్లజోడు, భుజాన పెద్ద సంచీ, నెరిసిన జుట్టుని ముడివేసి అందులో దోపిన చిన్న స్క్రూడ్రైవరు. ఆవిడ వెనకాలే మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ భార్యకి స్వయానా తమ్ముడు. పండగ పూట పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు, కేసు పూట ఎదురెదురుగా నిలబడతారు.

"బావా, నేనెక్కడ కాలు పెడితే అక్కడ నువ్వు తయారవుతావేం?"

"నువ్వు కాలు పెట్టిన చోట కన్ను పెట్టడం మర్చిపోతావు కదా. అందుకని."

"ఇందులో చూడ్డానికేముంది? మూడున్నరకి వచ్చాడు, ముప్పై అయిదు నిమిషాల్లో ఏదో ఒక మెమరీ కుక్కేసి పోయాడు. అది సరిపడని రకం. షార్టయింది. బోర్డు మాడింది, దాంతోపాటు డిస్కూ మాడింది. స్లాట్లో వంకరగా సగం దూరి నిలబడి ఉండగా నేనే ఫోటో తీయించాను."

"మరి నాలుగూ ఐదు నుంచి ఐదున్నరదాకా డాక్టరమ్మ పనిచేసింది ఏ కంప్యూటర్ మీద?"

"ఆవిడ ఆపడం మర్చిపోయింది. వేడెక్కి వేడెక్కి ఆ తర్వాత మాడింది."

"సగం దూరిన మెమరీతో గంటన్నర టక్కున పనిచేసిందా?"

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "బావా, ఒక మాట చెప్పనా? ఆ మెకానిక్ ఈ అక్కయ్య శిష్యుడు కాకపోతే నువ్వు ఈ మెట్లెక్కేవాడివా? ఆవిడ చేతి అన్నం తిని పెరిగావు. ఆ ప్రేమ నీ కళ్లకి అడ్డం పడుతోంది."

ఆ మాట తగిలింది. డిటెక్టివ్ తల దించి నోటుపుస్తకం పేజీ తిప్పాడు. బదులు వదినే చెప్పింది.

"ప్రేమ సంగతి తర్వాత చూద్దాం నాయనా. ఆ స్టిక్ ఒకసారి చూపిస్తావా? నేను తప్పయితే నువ్వు మావాడికి చిప్పకూడు తినిపించుకో. నేనే క్యారేజీ కట్టి తెస్తా."

"ముట్టుకోకూడదు అక్కయ్యా. సాక్ష్యం."

"ముట్టుకోనులే. చూస్తా."

ఇన్‌స్పెక్టర్ పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల అరచేతి కంటే పొడుగ్గా, రెండు వేళ్ల వెడల్పున ఆకుపచ్చ పలక. కింది అంచున బంగారు రంగు పిన్నుల వరస, మీద నల్లటి చిప్‌లు. ఒక మూల మసి పట్టి ఉంది.

వదిన సంచీలో చెయ్యి పెట్టి అలాంటిదే ఇంకొకటి తీసి, కవరు పక్కన ఆనించి పెట్టింది. "నిన్న మావాడు తీసుకెళ్లింది ఈ రకం. దీని జోడీయే ఇక్కడ వేశాడు. ఇటు రా అబ్బాయ్. రెండూ చూసి చెప్పు, తేడా ఏంటి?"

డిటెక్టివ్ వంగి చూశాడు. "ఒకే పొడుగు."

"అందరూ అక్కడే బోల్తా పడతారు. కింద చూడు, పిన్నుల మధ్యలో గాటు ఉందా? నా దాంట్లో ఎక్కడుంది?"

"మధ్య నుంచి బాగా పక్కకి జరిగి."

"కవర్లో దానికి?"

"దాదాపు నడిమధ్యకి వచ్చేసింది."

"నాది డీడీఆర్ త్రీ. మూడో తరం. రెండు వందల నలభై పిన్నులు. అది డీడీఆర్ ఫోర్. రెండు వందల ఎనభై ఎనిమిది. లేబుల్ మీద చదువు, నా దాని మీద పీసీ త్రీ, దాని మీద పీసీ ఫోర్ అని ఉంటుంది. ఈ క్లినిక్ కంప్యూటర్ పాతది. త్రీ తప్ప ఒప్పుకోదు. స్లాట్లో చిన్న బొడిపె ఉంటుంది. గాటు సరిగ్గా ఆ బొడిపె మీద కూర్చుంటేనే స్టిక్ దిగుతుంది. ఒకదాంట్లో ఒకటి పెట్టకుండా తయారుచేసినవాళ్లే అలా అడ్డం పెట్టారు."

"బలంగా నొక్కితే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"బొడిపె విరగాలి. విరిగిందేమో పద చూద్దాం."

ముగ్గురూ తెరిచి ఉన్న కంప్యూటర్ మీదికి వంగారు. వదిన చేతులు వెనక్కి కట్టుకుని భూతద్దాన్ని డిటెక్టివ్ చేత పట్టించింది. నల్లటి స్లాట్లో బొడిపె చెక్కుచెదరకుండా ఉంది. గీత కూడా పడలేదు.

"దిగలేదు. దిగనిది పిన్నుకి తగల్లేదు. తగలనిది షార్ట్ ఎలా అవుతుంది నాయనా? ఇక కవర్లో స్టిక్ మీది మసి చూడు. లోపల్నుంచి మాడితే చిప్ ఉబ్బి పగులుతుంది. ఇక్కడ అన్నీ నున్నగా ఉన్నాయి. పైపైన పొగ చూరింది. ఎవరో మంట పెట్టి కాల్చారు."

ఇన్‌స్పెక్టర్ భూతద్దం తీసుకుని తనే మసి చూశాడు. డిటెక్టివ్ అప్పటికే డిస్కు మీది లేబుల్ చదువుతున్నాడు. "డాక్టరమ్మా, మీ డిస్కు ఎంత పెద్దది?"

"రెండు వేల జీబీ."

"దీని మీద ఐదొందలని ఉంది."

డాక్టరమ్మ చేతిలో రిజిస్టరు జారి కింద పడింది. "అంటే... మాడింది మాది కాదా? టీచరమ్మగారి గొంతు..."

"మాడలేదు. ఎవరి దగ్గరో ఉంది."

గుమ్మంలో నిలబడి వింటున్న పోస్ట్‌మాస్టరు భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే బావా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి గొంతులో వెటకారం లేదు. "డిస్కు మార్చింది ఆ మెకానిక్కే ఎందుకు కాకూడదు?"

"నిన్న ఐదున్నరదాకా డాక్టరమ్మ టీచరమ్మ ఫైళ్ల మీదే పనిచేసింది. అప్పటికి అసలు డిస్కు లోపలే ఉంది. మెకానిక్ దగ్గర తాళంచెవి లేదు. పైగా ఏ స్టిక్ ఎక్కడ దిగుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు, దిగనిదాన్ని దూర్చి వదిలిపెడతాడా? ఇది పని తెలియనివాడి పని. చూడ్డానికి అన్నీ ఒకటే అనుకున్నవాడిది. వాడికి వేరే స్టిక్ కొనుక్కునే తీరిక లేదు. మెకానిక్ నిన్న అనుకోకుండా వచ్చాడు. నింద వేయడానికి అంతకంటే మంచి అదను దొరకదు. అందుకని చేతికి అందుబాటులో ఉన్న కంప్యూటర్లోంచి ఒకటి పీకాడు."

"ఏ కంప్యూటర్లోంచి?"

"అది వదిన చెప్పాలి."

వదిన మళ్లీ కవరు మీదికి వంగింది. "చిప్‌లు లెక్కపెట్టు అబ్బాయ్. ఒక్క వైపే."

"ఏడు... ఎనిమిది... తొమ్మిది."

"ఇళ్లలో వాడేవాటికి ఎనిమిదే ఉంటాయి. తొమ్మిదోది కాపలా చిప్. మిగతా ఎనిమిదీ దాచుకున్నది తప్పిందా, సరిగ్గా ఉందా అని చూస్తూ ఉంటుంది. మధ్యలో ఇంకో చిన్నది ఉంది, చూశావా? లేబుల్ మీద చివర 'ఆర్' అనే అక్షరం దాని గురించే. ఇది సర్వర్ల రకం. రోజుల తరబడి ఆగకుండా నడిచేవాటికి, పెద్ద పెద్ద ఆడియో పనులు చేసే వర్క్‌స్టేషన్లకి వేస్తారు. మామూలు కంప్యూటర్లో పెడితే, అది నాలుగో తరందే అయినా సరే, దీన్ని చూసి మొహం తిప్పుకుంటుంది. స్టార్ట్ కూడా అవదు. నా షాపులో ఇలాంటిది ఇంతవరకు అమ్మలేదు."

డిటెక్టివ్ నోటుపుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. "పక్క గదిలో తెర మీద ఇది చూశాను. అర్థం కాక రాసుకున్నా."

వదిన కళ్లజోడు సర్దుకుని చదివింది. తల ఎత్తి అతని వంక చూసిన చూపులో మురిపెం పొంగింది. "ఈ స్టిక్ పదహారు జీబీ అబ్బాయ్. పదహారు నాలుగులు?"

"అరవై నాలుగు."

"అందులోంచి ఒకటి తీసేస్తే?"

"నలభై ఎనిమిది."

"లోపల మెమరీ తగ్గితే ఆ కంప్యూటర్ లేవగానే యజమానికి చెప్తుంది, నీ మెమరీ మారిందీ అని. అలా ఒక్కసారే చెప్తుంది. రోజూ చెప్పదు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే వరండాలో ఉన్నాడు. పక్క గది తలుపుకి తాళం వేసి ఉంది. కింద వాచ్‌మన్‌ని అడిగితే హెడ్‌ఫోన్స్ పన్నెండూ ఐదుకి, అంటే ఇన్‌స్పెక్టర్ జీపు వచ్చి ఆగిన నిమిషంలోనే, వెనక మెట్ల మీదుగా వెళ్లిపోయాడని చెప్పాడు. భుజాన సంచీ ఉందట. డాక్టరమ్మ తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది.

నల్ల డబ్బా బల్ల కిందే ఉంది. వదిన చేతికి తొడుగు తొడుక్కుని, ఇన్‌స్పెక్టర్ అనుమతి అడిగి మరీ పక్క రేకు ఊడదీసింది. నాలుగు స్లాట్లు. మూడింట్లో స్టిక్కులు, ఒకటి ఖాళీ.

"ఇలాంటివి నాలుగు కలిపి ఒకే పెట్టెలో వస్తాయి. నంబర్లు వరసగా ఉంటాయి. చివరి రెండంకెలు చదువుతా, రాసుకో. నలభై ఒకటి. నలభై రెండు. ఖాళీ. నలభై నాలుగు."

ఇన్‌స్పెక్టర్ కవరుని వెలుతురుకి ఎత్తి లేబుల్ చూశాడు. చాలాసేపు చూశాడు.

"నలభై మూడు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఫోన్ తీసి స్టేషన్‌కి మాట్లాడాడు. "ఆ మెకానిక్‌ని పంపించేయండి. ఉత్తినే కాదు, టీ ఇచ్చి, జీపులో ఇంటి దగ్గర దింపండి. అలాగే హెడ్‌ఫోన్స్ అని ఒకడున్నాడు, వాడి వివరాలు పంపుతున్నా. అన్ని దారుల్లోనూ చూడండి." ఫోన్ జేబులో పెట్టుకుని వదిన వైపు తిరిగాడు. "అక్కయ్యా, ఇందాక నేనన్న మాట..."

"ఏ మాట? నాకేం వినపడలేదు. చిక్కిపోయావు నాయనా, వేళకి తింటున్నావా?"

డాక్టరమ్మ ఏదో గుర్తొచ్చినట్టు గోడ దగ్గరికి నడిచింది. అక్కడ చిన్న ఫోటో ఒకటి అతికించి ఉంది. హెడ్‌ఫోన్స్, అతని భుజం మీద చెయ్యి వేసి లావుపాటి పెద్దమనిషి ఒకడు. "వీళ్ల పెదనాన్న కొడుకండీ. ఈ గది అద్దెకివ్వమని వచ్చింది ఆయనే. భవనాలు కడతాడని చెప్పాడు."

పోస్ట్‌మాస్టరు ఫోటో చూశాడు. చూసీ చూడగానే గుర్తుపట్టాడు. "ఈయనే. మా ఆవిడ మూడు ఉత్తరాలు రాసింది ఈయనకే."

సరిగ్గా అప్పుడే ఆయన చేతిసంచీలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఒంటిగంటా ఐదు. ఆయన అలవాటుగా స్పీకరు నొక్కాడు. చెవి సరిగా వినపడక ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు.

"ఏమండీ. నేనే."

ఆడగొంతు. స్పష్టమైన గొంతు. చివరి బెంచీ దాకా వినపడేలా ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పిన గొంతు.

ఒక్క లిప్తపాటు పోస్ట్‌మాస్టరు మొహం పసిపిల్లాడి మొహంలా విప్పారింది. డిటెక్టివ్ ఆ తర్వాత ఎన్నో రోజులు ఆ మొహాన్ని మర్చిపోలేకపోయాడు. మరుక్షణం ఆయన పక్కన నిలబడ్డ భార్యని చూశాడు. ఆవిడ పెదవులు మూసుకుని ఉన్నాయి. చెయ్యి మెడ మీది గుడ్డని పట్టుకుంది.

"ఎల్లుండి ఆ వాంగ్మూలం నేనివ్వను," అంది ఫోన్లో గొంతు. "ఉత్తరాల నకళ్లు చించేయండి. మనకెందుకొచ్చిన గొడవ, చెప్పండి?"

ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు, మాట్లాడిస్తూ ఉండమని. పోస్ట్‌మాస్టరు నిటారుగా నిలబడ్డాడు.

"ఒరేయ్, నువ్వెవడివో నాకు తెలుసు. పనికి కూర్చునే ముందు కాస్త కనుక్కోవాల్సింది. మా ఆవిడ నన్ను ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఏమండీ అనలేదు. మాస్టారూ అంటుంది. కోపమొస్తే పోస్ట్‌మాస్టారూ అంటుంది. గొడవ ఎందుకని చచ్చినా అనదు. నకళ్లు చించం. పో!"

టీచరమ్మ ఆయన భుజం మీద నుదురు ఆనించింది.

అవతల ఎక్కడో మీటలు నొక్కుతున్న టకటక చప్పుడు. వదిన డిటెక్టివ్ మోచెయ్యి పట్టుకుంది. మళ్లీ అదే గొంతు పలికింది. అదే స్పష్టత, అంతకంటే మెత్తదనం.

"సరే మాస్టారూ. అయితే నేను అత్తయ్యని పలకరించి వస్తాను."

లైను తెగిపోయింది.

"అత్తయ్య ఎవరు?" డిటెక్టివ్ అడిగాడు. "ఎక్కడున్నారు?"

"మా అమ్మ," అన్నాడు పోస్ట్‌మాస్టరు. "ఇంట్లో ఒక్కతే ఉంది. నకళ్లూ అక్కడే ఉన్నాయి. చూపు పోయి ఆరేళ్లయింది. ఎవరొచ్చినా గొంతు పోల్చుకునే గొళ్లెం తీస్తుంది. సోమవారం నుంచి కోడలు మళ్లీ మాట్లాడుతుందని చెప్పి ఉంచాం. రోజూ అడుగుతోంది, ఇంకా ఎన్ని రోజులురా అని. ఈ కబుర్లన్నీ ఆ రికార్డింగ్ గదిలోనే చెప్పుకున్నాం."

టీచరమ్మ అప్పటికే తలుపు దాటింది. పలక కింద పడి ముక్కలైంది, ఆవిడ వెనక్కి చూడలేదు. మెట్ల మీద ఆవిడ అడుగుల వెనకాలే ఇన్‌స్పెక్టర్ బూట్లు దూకాయి. పోస్ట్‌మాస్టరు ఇంటి నంబరు నొక్కాడు. మంచం పక్కనే ఉండే పాత ఫోన్. మూడుసార్లు మోగింది. నాలుగోసారికి ఎత్తారు.

"అమ్మా! నేను. ఎవరొచ్చినా తలుపు తీయకు. వింటున్నావా? ఎవరు పిలిచినా సరే..."

"ఉండరా, ఉండు. నీ గోల నీది," అంది ముసలమ్మ. సంతోషంతో ఆవిడ గొంతు పొంగిపోతోంది. "బయట కోడలు పిలుస్తోంది. సోమవారం అన్నారు, ఇవాళే వచ్చేసింది చూడు నా తల్లికి గొంతు. తలుపు తీసొస్తా."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరంగా చేతికర్ర ఊతంగా నేల మీద పడుతున్న అడుగులు. ఆ తర్వాత, గొళ్లెం తీస్తున్న చప్పుడు.